ఇందుమూలముగా తెలియజేయడమైనది

పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డుకి అద్దం తలుపు, తలుపుకి తాళం. తాళంచెవి కార్యదర్శి దగ్గర, కార్యదర్శి మండలం మీటింగులో. లోపల ఎండకి పసుపెక్కిన కాగితాలు ఒకదాని మీద ఒకటి. కనిపించే వరుస ఒకటే: ‘గడువులోపు అందని అభ్యంతరములు పరిగణింపబడవు.’ ఆ గడువెప్పుడో చెప్పే వరుస పై కాగితం కింద ఉంది. అయినా ఫర్వాలేదు. అంటించినట్టు ఫోటో తీసి ఫైల్లో పెడితే తెలియజేయడమైనట్టే.

సర్కారీ తెలుగులో నాకు ముచ్చటేసేవి ఈ క్రియలే. తెలియజేయడమైనది, కోరడమైనది, హెచ్చరించడమైనది. పని జరిగిపోయింది, చేసినవాడు మాత్రం లేడు. సంతకం ఉండాల్సిన చోట ‘సం/-’ అని ఉంటుంది, దాని కింద హోదా. ఇక విజ్ఞప్తి సంగతి సరేసరి. ‘ఇంటిపన్ను బకాయిదారులకు విజ్ఞప్తి’ అని చేతులు జోడించి మొదలవుతుంది, ‘చెల్లించని యెడల కుళాయి కనెక్షను తొలగించబడును’ అని ముగుస్తుంది. అసలు హెచ్చరికనేమో ఎవరూ లెక్కచేయరు; ‘ఇచ్చట మూత్రవిసర్జన చేయరాదు’ అని రాసిన ఏ గోడనైనా చూడండి.

టముకు వేసే రోజుల్లో కబురు నిజంగానే చెవిన పడేది. కోస్తాలో టముకు, తెలంగాణలో డప్పు సాటింపు, అందరికీ తెలిసిన మాట దండోరా. కూడలిలో నిలబడి డప్పు మీద నాలుగు దెబ్బలు వేసి, ‘తాసిల్దారుగారు వస్తున్నారహో, శిస్తు బాకీలు కట్టాలహో’ అంటే చదువు రానివాళ్లకీ బోధపడేది. హుకుం ఎవరిదో మొదటి మాటలోనే తేలిపోయేది. అర్థం కానివాళ్లు అరుగు మీద కూర్చునే అడిగేవారు, ‘ఏ రోజురా?’ అని.

ఆ ‘రా’లోనే ఉంది తిరకాసంతా. ఊరికి చాటే పని మాల మాదిగ వాడల మీద పడ్డ వెట్టి. చాటేది సర్కారు మాటే, చాటినవాడికి మాత్రం అరుగెక్కే హక్కు లేదు. దండోరాని తీపి జ్ఞాపకంలా చెప్పుకునేవాళ్లు చాలావరకు అరుగు మీదివాళ్లే.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి దండోరా అన్న మాటనే ఉద్యమానికి పేరు చేసుకుంది. ఎవరెవరి హుకుములో మోసిన డప్పు మీద సొంత మాట మోగింది. ముప్పయ్యేళ్లు దాటాక, 2024 ఆగస్టు 1న, ఆ ఉద్యమం కోరిన ఎస్సీ వర్గీకరణను రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమలు ఉత్తర్వులు వెలువడ్డాయి. దండోరా జీవో కావడానికి అంతకాలం పట్టింది.

చట్టంలో డప్పు ఇంకా ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 54వ రూలు ప్రకారం స్థిరాస్తి జప్తు ఉత్తర్వును ఆ ఆస్తి దగ్గర డప్పు కొట్టించిగానీ, వాడుకలో ఉన్న మరో పద్ధతిలోగానీ చాటించాలి. అప్పు ఎగ్గొట్టినవాడికి కోర్టు కాగితం కంటే ఇంటిముందు ఆ చప్పుడే ఎక్కువ భయం.

జీవో ఇంగ్లిషు మాటన్న స్పృహే మనకిప్పుడు లేదు. దాని నంబరే దాని పేరు. 111 అంటే హైదరాబాదు జంట జలాశయాల చుట్టూ కట్టడాల మీద 1996లో పెట్టిన ఆంక్షలు. 610 అంటే 1985 డిసెంబరులో తెలంగాణలోని స్థానికేతర ఉద్యోగుల గురించి వచ్చిన ఉత్తర్వు. వాళ్లని వెనక్కి పంపడానికి పెట్టిన గడువు 1986 మార్చి 31. ఆ గడువు దాటి దశాబ్దాలు గడిచినా ‘610 అమలు చేయాలి’ అన్న నినాదం ఆగలేదు. మంత్రి సభలో చెప్తే జనం చప్పట్లు కొడతారు, ఇంటికొచ్చి ‘జీవో వచ్చిందా?’ అని అడుగుతారు. వచ్చినా ఆగాల్సిందేనని 610 నేర్పింది.

నోటీసులు రాసే సెక్షను గుమాస్తాలకు నాదొక మనవి. విజ్ఞప్తి అని బెదిరించకండి. గడువు తేదీ మొదటి వరుసలోనే పెద్దక్షరాల్లో వేయండి. కింద హోదాతోపాటు ఒక ఫోను నంబరివ్వండి. చేస్తే ఎత్తండి.