ముక్కుకు మాత్ర... మరి ఊపిరికి?

ఇంకా తెల్లారదు. కడియపులంక పూల మార్కెట్లో అప్పటికే బంతి, చామంతి గంపలు దిగుతుంటాయి. హైవే పక్కన ఆటో దిగి, కడియం నర్సరీలకు నడిచే ఆడకూలీల్లో ఆమె ఒకతె. ఇరవై ఏళ్లుగా అదే దారి. చేతిలో క్యారేజీ. అందులో అన్నం, కూర, పైగిన్నెలో కాగితంలో చుట్టిన నాలుగు తెల్లమాత్రలు.

‘‘మళ్లీ తుమ్ములా వదినా?’’ అని పక్కామె అడిగితే, ‘‘మాత్రేసుకున్నాన్లేవే, తగ్గిపోద్ది’’ అని నవ్వేది.

నిజంగానే తగ్గేది. చామంతులు కోసిన రోజున వరస తుమ్ములు, కళ్ల దురద, ఆగని ముక్కు. మందులషాపులో తెచ్చుకున్న సెట్రిజిన్ వేసుకుంటే కాసేపటికి సర్దుకునేది. అంతకుముందు అవిల్ వాడేది. అది వేసుకున్నాక అంటు కట్టడానికి కూర్చుంటే కునికిపాట్లు. చేతిలో కత్తి! అందుకే మానేసింది.

పూలమధ్య బతికేవాళ్లకి పూలు పడకపోవడమేమిటి అనిపిస్తుంది. బంతి, చామంతి పుప్పొడి బరువు. అది గాలికి ఎగిరి ఊరంతా తిరగదు. పురుగులే మోసుకెళ్లాలి. కానీ రోజంతా ఆ పూలలోనే చేతులు పెట్టేవారి సంగతి వేరు. పైగా చామంతి, బంతి, వయ్యారిభామ... అన్నీ ఒకే కుటుంబం. ఒకటి పడనివారికి మరొకటీ పడకపోవచ్చు. దానికితోడు కవర్లలో నింపే కొబ్బరిపొట్టు దుమ్ము, మాగిన ఎరువులోని బూజు.

పడనిది ముక్కులోకి వెళ్లగానే ఒంట్లోని కొన్ని కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. తుమ్ము, దురద, నీరుకారడం చాలావరకు దాని పనే. అది వెళ్లి అతుక్కునే చోటును ముందే ఆక్రమించేదే యాంటీహిస్టమిన్ మాత్ర. ఇలాంటి మందులకు 1937లో దారి వేసిన శాస్త్రవేత్తల్లో ఒకరైన డేనియల్ బోవేకు 1957లో నోబెల్ బహుమతి వచ్చింది. నాలుగు మాత్రల పొట్లం వెనక అంత కథ ఉందని ఆమెకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే... ఇది వేసుకుంటే కూలి పోదు.

ఆ నమ్మకమే ఓ పుష్యమాసపు రాత్రి ప్రాణం మీదికి తెచ్చింది. బయట పొగమంచు. ముందు దగ్గు, తర్వాత ఛాతీలో పిల్లికూతలు. ఒక మాత్ర వేసుకుంది. అరగంటకు ఇంకొకటి. తర్వాత మరొకటి. మాట్లాడాలంటే రెండు మాటలకోసారి ఆగాల్సొస్తోంది. ‘‘పడుకోకే అమ్మా... కూర్చో’’ అంటూ వీపు నిమురుతున్న కూతురే చివరికి ఆటో పిలిచింది. రాజమండ్రిలో ఆసుపత్రికి చేరి, మందుపొగ పట్టాకగానీ ఊపిరి అందలేదు.

‘‘మాత్ర ఏసుకున్నానండి, ఆయ్! మూడేసుకున్నాను’’ అంది డాక్టరుతో.

‘‘అది తుమ్ములకమ్మా. ఆయాసానికి కాదు’’ అన్నారాయన.

ముందు రక్తపరీక్ష చేయించారు. ఫైలేరియా ఉన్న ప్రాంతాల్లో ఈసినోఫీలియా కూడా రాత్రిళ్లు దగ్గు, ఆయాసం తెప్పిస్తుంది. దానికి మందు వేరు. ఆ మందును ప్రపంచానికి అందించిన పరిశోధకబృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కావడం గోదావరివాసులకు గర్వకారణం. ఆమెది అది కాదని తేలింది. గొట్టంలోకి గట్టిగా ఊదించాక ఆస్తమా అన్నారు.

ఆస్తమాలో హిస్టమిన్ ఒక్కటే దోషి కాదు. ఊపిరి గొట్టాలను బిగించే రసాయనాలు ఇంకా ఉన్నాయి. లోపలి పొర వాచి ఉంటుంది. కీటోటిఫెన్ అనే యాంటీహిస్టమిన్‌ను ఆస్తమా రాకుండా పిల్లలకు ఇచ్చేవారు. అదైనా వారాలతరబడి వాడితేగానీ పనిచేయదు. ఆయాసం వచ్చాక మింగితే లాభం లేదు. వాపు తగ్గించడానికి పీల్చే స్టెరాయిడ్ మందే ముఖ్యం. తుమ్ములకు మాత్ర మానక్కర్లేదు. కానీ అది ఇన్‌హేలర్‌కు బదులు కాదు.

ఇన్‌హేలర్ అనగానే ఆమె మొహం మాడిపోయింది. అలవాటైపోదూ? నలుగురూ చూస్తే? పెళ్లికెదిగిన పిల్ల ఉంది. ఉబ్బసం ఇల్లని తెలిస్తే సంబంధాలొస్తాయా? నెలరోజులు చీరల మడతల్లో దాచింది. ‘‘ఆ రాత్రి నీకేమన్నా అయితే నా పెళ్లి ఎవరు చేసేవారే?’’ అని కూతురు అడిగిన రోజున మాత్రం నోరెత్తలేదు.

ఇప్పుడు కొబ్బరిపొట్టు తడపనిదే ముట్టుకోదు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటుంది. చామంతి మడి వదిలి, క్రోటన్ల వైపు మారింది. పొద్దున్నే మందు పీల్చి, నోరు పుక్కిలించి మరీ బయల్దేరుతుంది. క్యారేజీ పైగిన్నెలో మాత్రల పొట్లం అలాగే ఉంది. దాని పక్కన ఆయాసమొస్తే పీల్చే ఇన్‌హేలర్.

మధ్యాహ్నం అందరిముందూ గిన్నె మూత తీస్తుంది. ‘‘అదేంటి వదినా?’’ అని ఎవరైనా అడిగితే దాచదు.

‘‘ఇది ముక్కుకి... ఇది ఊపిరికి.’’