మా బందలో చేపల్ని చంపిందెవరు?

తెల్లారి ఆరు కాకముందే చిన్నాన్న ఫోన్. బెంగళూరులో నాకది అర్ధరాత్రి కిందే లెక్క. రిలీజ్ పని ముగించుకుని మూడింటికి పడుకున్నాను. ఆ టైంలో ఊరి నుంచి ఫోనంటే గుండె జారిపోతుంది. నానమ్మకేమైనా అయిందేమో అనుకుంటూ ఎత్తాను.

"ఒరే, బందలో సేపలన్నీ తేలిపోనాయిరా. ఎవుడో మందు కలిపేసినాడు."

మాది కొత్తవలస దగ్గర ఓ పల్లె. మా వైపు ఊరి చెరువుని బంద అంటాం. ఆ ఏడు పన్నెండు కుటుంబాలు డబ్బులు వేసుకుని బందలో చేపల పాట పాడుకున్నాయి. మా నాన్న వాటా నలభై వేలు. కనుమ పండక్కి పట్టి అమ్ముదామని లెక్క. పండక్కి ఇంకా రెండు నెలలుంది. ఈలోగా వాట్సాప్‌లో వీడియో వచ్చింది. గట్టు పొడవునా తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలిన చేపలు. వెనకాల ఎవరో ఆడమనిషి ఏడుస్తున్న గొంతు.

సాయంత్రానికల్లా దోషి పేరు కూడా ఖాయమైపోయింది. పాటలో మా వాళ్ళ మీద ఓడిపోయినాయన. నాకు వరసకి మావయ్య. చిన్నప్పుడు అదే బందలో నాకు ఈత నేర్పింది ఆయనే. ఆదివారం పెద్దమనుషుల్లో తగువు పెట్టారు. శుక్రవారం రాత్రే బండెక్కాను.

ఊళ్ళో దిగేసరికి ఎవరూ ఆయన ముఖం చూడ్డం లేదు. నేను వెళ్ళి అరుగు మీద కూర్చుంటే అత్త మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఒక్కటే అడిగాడు.

"సదువుకున్నోడివి, నువ్వే సెప్పు. మందేస్తే కొర్రమీను బతుకుతాదేటి?"

ఆయన అడిగింది చిన్న ప్రశ్న కాదు. చచ్చినవన్నీ బొచ్చెలు, రోహులు. వాటిలోనూ పెద్దవే ముందు పోయాయి. కొర్రమీనులు మాత్రం దర్జాగా తిరుగుతున్నాయి. ఒడ్డున నత్తలున్నాయి, కప్పలున్నాయి. మందు కలిపితే ఇంత చూసి చంపదు కదా. కొర్రమీనుకి మిగతా చేపలకి లేని సదుపాయం ఒకటుంది. అది నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. అంటే నీళ్ళలో విషం కలిసి ఉండకపోవచ్చు. నీళ్ళలో గాలే అయిపోయి ఉండాలి.

మీలో కోడ్ రాసేవాళ్ళుంటే తెలుస్తుంది. బగ్ దొరక్కపోతే ముందు లాగ్ చూడాలి. చేపల చెరువులవాళ్ళు నీళ్ళలో ఆక్సిజన్ కొలవడానికి వాడే చిన్న కిట్ ఒకటి బెంగళూరులోనే తెప్పించుకుని బ్యాగ్‌లో పెట్టుకున్నాను. శనివారానికి ముసురు విడిచి ఎండ కాసింది. మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే లీటరుకి 12 మిల్లీగ్రాములు చూపించింది. భేషుగ్గా ఉందే అనుకున్నాను. నిజానికి అంత ఉండకూడదు. 30 డిగ్రీల వేడిలో నీళ్ళు గాలి నుంచి మామూలుగా పట్టుకోగలిగే ఆక్సిజన్ ఏడున్నర మిల్లీగ్రాములే. నీళ్ళు ఎంత వేడెక్కితే అంత తగ్గుతుంది. మరి ఎక్కువైంది ఎక్కడిది? ఎండలో బందలోని నాచు తయారుచేసింది.

మర్నాడు చీకటితో లేచి ఐదున్నరకి మళ్ళీ కొలిచాను. ఒక మిల్లీగ్రాము. మిగిలిన చేపలు మూతులు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి.

కథ అక్కడే తెలిసిపోయింది. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి మనలాగే పీల్చుకుంటుంది. బంద ఆకుపచ్చగా చిక్కబడ్డాక రాత్రిపూట దాని వాడకమే ఎక్కువ. ఆ వారం అల్పపీడనం వల్ల మూడు రోజులు ఎండ లేదు. పగలు సంపాదన పడిపోయింది, రాత్రి ఖర్చు తగ్గలేదు. పైగా ఎండ లేక కొంత నాచు చచ్చింది. అది కుళ్ళడానికి ఇంకాస్త ఆక్సిజన్ లాగేసింది. నాలుగోనాడు తెల్లారేసరికి ఖాతా సున్నా. పెద్ద చేపకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి కాబట్టి అవే ముందు పోయాయి.

సరే, అంత నాచు ఎక్కడి నుంచి వచ్చింది?

నాచు కూడా పైరులాంటిదే. దానికీ నత్రజని కావాలి, భాస్వరం కావాలి. గాలిలో 78 శాతం నత్రజనే. కొన్ని రకాల నీలి ఆకుపచ్చ నాచు ఆ గాలి నుంచే నేరుగా నత్రజని తీసుకోగలదు. భాస్వరం అలా దొరకదు. అది గాలిలో ఉండదు, రాయిలో ఉంటుంది. అందుకే మంచినీటి చెరువుల్లో చాలావరకు తాళంచెవి భాస్వరం దగ్గరే ఉంటుంది. 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం 226 నంబరు సరస్సుకి మధ్యలో అడ్డంగా తెర కట్టింది. ఒక సగంలో కర్బనం, నత్రజని మాత్రమే వేశారు. రెండో సగంలో వాటితోపాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం వేసిన సగం పచ్చగా మారిపోయింది. ఆకాశం నుంచి తీసిన ఆ ఫోటోని ఇప్పటికీ పాఠాల్లో చూపిస్తారు.

ఒక గ్రాము భాస్వరంతో దాదాపు వంద గ్రాముల ఎండు నాచు తయారుకాగలదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

నానమ్మని అడిగాను, మీ కాలంలో బంద ఇలా ఉండేదా అని. "గుడ్డేసి వడగట్టుకుని తాగీవోళ్ళం" అంది. అప్పుడు పశువుల పేడ గత్తం అయ్యేది. గత్తం పొలానికి వెళ్ళేది. పొలం నుంచి వానకి కొట్టుకొచ్చిన సారం బంద అడుక్కి చేరేది. ఎండాకాలం బంద ఎండితే ఆ ఒండ్రుమట్టిని నాటుబళ్ళ మీద తోలి మళ్ళీ పొలంలో చల్లేవాళ్ళు. అదే భాస్వరం ఊళ్ళోనే గుండ్రంగా తిరిగేది. సైన్స్ పుస్తకంలో పోషకాల చక్రం అని బొమ్మ వేసి పది మార్కులకి రాశాను కానీ, ఆ చక్రం మా తాత బండికే ఉండేదని నాకప్పుడు తట్టలేదు.

ఇప్పుడది చక్రం కాదు, ఒన్ వే. మొరాకోలోనో జోర్డాన్‌లోనో తవ్విన రాయి డీఏపీ అయి మా ఊరొస్తుంది. యాభై కిలోల డీఏపీ కట్టలో దాదాపు పది కిలోల భాస్వరం ఉంటుంది. యూరియా కట్ట 45 కిలోలు, అందులో ఇరవై కిలోలకి పైగా నత్రజని. పైరు తీసుకున్నంత తీసుకోగా మిగిలినదాంట్లో కొంత వానతో బందకి వస్తుంది. బంద మట్టి ఇప్పుడెవరూ తోలడం లేదు. నాటుబళ్ళు లేవు, తోలే తీరికా లేదు.

ఎరువుల మీద నెపం పెట్టేస్తే నాకు హాయిగా ఉండేది. కానీ గట్టు చుట్టూ నడుస్తుంటే ఉత్తరం మూల సిమెంటు కాలవ కనబడింది. అది బందలో కలిసే చోటే నాచు బాగా చిక్కగా ఉంది. పక్కన గుర్రపుడెక్క కూడా మొదలైంది. కాలవ వెంబడే వెనక్కి నడిచాను. మొదట తగిలిన పైపు మా ఇంటిదే.

మూడేళ్ళ కిందట నేను పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు. రెండు అటాచ్డ్ బాత్రూములు, వాషింగ్ మెషీన్, సెప్టిక్ ట్యాంకు. ఆ ట్యాంకు నుంచి పొర్లే నీళ్ళు కాలవలోకి, కాలవ బందలోకి. పాత ఇంట్లో స్నానం నీళ్ళు పెరట్లో అరటిచెట్లకి పోయేవి. కొత్త ఇంటికి పెరడంతా గచ్చు చేయించింది నేనే. వీడియో కాల్‌లో మేస్త్రీకి చెప్పి మరీ చేయించాను, బురద ఉండకూడదని.

రాత్రి ఫోన్‌లో లెక్క వేశాను. మన దేశంలో ఒక మనిషి మలమూత్రాల్లో ఏడాదికి పోయే భాస్వరం అరకిలోకి కాస్త తక్కువ. మా ఇంట్లో ఐదుగురు, దాదాపు రెండు కిలోలు. ట్యాంకులో సగం ఆగిపోయిందనుకున్నా కిలో బందకి చేరుతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం వంద కిలోల దాకా ఎండు నాచు. ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు డెబ్భై దాకా ఉన్నాయి. బట్టల సబ్బుల మాట ఇంకా లెక్కలోకి తీసుకోనేలేదు.

బెంగళూరులో నేనుండేది బెళ్ళందూరు చెరువుకి దగ్గర్లో. 2015లో ఆ చెరువులోంచి మంటలు లేచాయి, 2017లో మళ్ళీ లేచాయి. గాలి వీస్తే నురుగు రోడ్డు మీదకి ఎగిరొచ్చేది. ఊరి మురుగు సరిగా శుద్ధి కాకుండా చెరువులోకి వదిలిన ఫలితం అది. ఆఫీసులో టీ తాగుతూ ఈ ఊరివాళ్ళకి బుద్ధి లేదని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఆదివారం తగువులో నాకు మాట్లాడ్డం రాలేదు. క్లయింట్ ముందు ఇంగ్లీషులో గంటసేపు ప్రెజెంటేషన్ ఇస్తాను గానీ, రావిచెట్టు కింద ఊరి పెద్దల ముందు గొంతు పెగల్లేదు. చివరికి కిట్‌లోని రెండు సీసాలు చూపించి, సాయంత్రం ఎంతుంది, తెల్లారి ఎంతుంది చెప్పాను. కొర్రమీను సంగతి మావయ్యదేనని చెప్పాను. తరవాత మా పైపు గురించి చెప్పాను.

నాన్న లేచి వెళ్ళిపోయాడు.

రాత్రి భోజనాల దగ్గర ఒక్క మాట అన్నాడు: "ఊరంతా సూస్తా ఉండగా మన ఇంటి మురుగు గురించి సెప్పాలేట్రా?" నా దగ్గర జవాబు లేదు. ఆయన జీవితమంతా చెంబు పట్టుకుని గట్టు దాటినవాడు. ఇంట్లో బాత్రూము కట్టడం ఆయనకి గౌరవం. అది తప్పు అని నేనెలా అంటాను? తప్పు బాత్రూముది కాదు. దాని తరవాత ఏమవుతుందో ఎవరం అడగకపోవడానిది.

ఇది మా ఒక్క పల్లె గొడవా కాదు. మా మండలంలో కొంత వాననీరు గెడ్డల మీదుగా పెందుర్తి దగ్గర మేఘాద్రి గెడ్డ జలాశయానికి చేరుతుంది. ఆ నీళ్ళే విశాఖ తాగుతుంది. కొల్లేరు చూడండి. 1999లో అభయారణ్యం అయింది, 2002లో రాంసర్ జాబితాకి ఎక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అయినా పై నుంచి కాలవలు తెచ్చే మురుగు, ఎరువుల నీళ్ళు వస్తూనే ఉన్నాయి. బోర్డు పెడితే నీళ్ళు ఆగవు.

బాగుపడిన ఉదాహరణ ఏదీ లేదా అని వెతికితే, మన తెలుగువాళ్ళు బోలెడుమంది కాపురముంటున్న చోటే దొరికింది. సియాటెల్‌కీ బెల్‌వ్యూకీ మధ్యనున్న లేక్ వాషింగ్టన్. 1950ల్లో చుట్టుపక్కల ఊళ్ళ మురుగు శుద్ధి చేసే అందులోకి వదిలేవారు. శుద్ధి అయినా భాస్వరం పోలేదు, నాచు పెరిగింది. 1958లో జనం ఓటు వేసి, తమ డబ్బుతోనే మురుగుని పక్కకి మళ్ళించుకున్నారు. అదే ఏడు మార్చిలో ఆ ఓటు ఓడిపోయింది, సెప్టెంబర్‌లో నెగ్గింది. 1963లో మళ్ళింపు మొదలై 1968కి పూర్తయింది. 1964లో నీళ్ళలో రెండున్నర అడుగుల లోతు వరకే కనబడేది, 1968కి పది అడుగులు కనబడింది.

అది లోతైన సరస్సు. మాది నిస్సారపు బంద. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇన్నేళ్ళ భాస్వరం అడుగు బురదలో ఇనుముతో కలిసి కూర్చుని ఉంటుంది. అడుగున ఆక్సిజన్ అయిపోతే ఆ పట్టు వదిలి మళ్ళీ నీళ్ళలోకి వస్తుంది. అంటే కాలవ ఈరోజు కట్టేసినా పాత అప్పు కొన్నాళ్ళు వడ్డీ అడుగుతుంది. కాబట్టి మురుగు ఆపాలి, బురదా తియ్యాలి. రెండూ చెయ్యాలి.

డిసెంబర్‌లో మా పెరటి గచ్చు సగం పగలగొట్టించాను. బాత్రూము నీళ్ళు అరటికి, చేమదుంపలకి మళ్ళించాం. సెప్టిక్ ట్యాంకు పొర్లే నీటికి బావికి దూరంగా ఇంకుడుగుంత తీయించాం. నాన్న మాట్లాడలేదు గానీ గుంతలో రాళ్ళు సర్దింది ఆయనే. ఇప్పటికి తొమ్మిది ఇళ్ళు అలా చేశాయి. డెబ్భైలో తొమ్మిది. మిగతావాళ్ళు చూద్దాం అంటున్నారు.

మే నెలలో బంద కొంత ఎండితే పూడిక తీయించారు. మట్టి నల్లగా, వెన్నలా ఉంది. కావలసినవాళ్ళు ట్రాక్టరు ఖర్చు పెట్టుకుని తోలుకోవచ్చన్నారు. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు మావయ్య వచ్చి రెండు లోడ్లు తన మడిలో వేయించుకున్నాడు. మూడో రోజు నుంచి వరస కట్టారు.

ఆయనా నాన్నా ఇంకా మాట్లాడుకోవడం లేదు. నిందపడ్డ మనిషికి నిజం తేలినంత మాత్రాన మనసు కుదుటపడదు. కానీ కిట్ ఇప్పుడు మావయ్య దగ్గరే ఉంది. ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున గట్టు మీదకి వెళ్ళి కొలిచి, ఆ సీసా రంగు ఫోటో తీసి నాకు పంపిస్తాడు. మొన్నటిది మూడు చూపించింది. చేపలు బతకడానికి చాలు, పెరగడానికి చాలదు.

కింద వాయిస్ మెసేజ్ పెట్టాడు: "ఇంకా అరవై ఒక్క ఇళ్ళు ఉన్నాయిరా బావూ."