సీమ పానా – దేశవాళీ లేతు

కొందరు మగవాళ్ళకి పేకాట పిచ్చి, కొందరికి సినిమాల పిచ్చి. మావారికి ఇనప సామాను పిచ్చి. కొత్తగూడెం బొగ్గు గనుల వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్ళు టర్నరుగా చేసి, రిటైరై వైరా వచ్చాక, పెరట్లో ఎప్పుడో గేదెల కోసం వేసిన రేకుల షెడ్డుని తన రాజ్యం చేసుకున్నారు. గేదెలు ఎలాగూ లేవనుకోండి. ఇప్పుడందులో ఒక బెంచీ, దానికి బిగించిన వైసు, చిన్న డ్రిల్లింగు మిషను, గోడనిండా మేకులకి వేలాడే పానాలు, రంపాలు, ఆకురాళ్ళు. నేను పెరట్లో బట్టలు ఆరేసుకోవాలంటే ముందు ఆయన్ని అడగాలి. ఇనప రజను పడిన తడి చీర మీద తుప్పు మరకలు ఏ సబ్బుకీ పోవు మరి.

ఆ సామానులో కూడా పెద్దింటివాళ్ళూ పేదింటివాళ్ళూ ఉన్నారు. షెఫీల్డులో తయారైన మూర్ అండ్ రైట్ మైక్రోమీటరు ఒకటుంది. ఎవరో పెద్దాయన రిటైరౌతూ అమ్మితే ఈయన నెల జీతం పోసి కొనుక్కున్నారు. మా పెద్దాడు దుబాయి నుంచి తెచ్చిన జపాన్ మిట్యుటోయో డయల్ గేజి ఇంకొకటి. వీటికి నూనె గుడ్డ, చెక్కపెట్టె, పెట్టెకి తాళం. నా నగలకైనా ఇంత భద్రం లేదు. ఇక రోజూ చేతిలో ఆడేవేమో నాసిక్ తపారియా పానాలు, జె.కె. ఆకురాళ్ళు. నోరు తెరిస్తే ఇంగ్లండు గొప్ప, పని దగ్గర కూర్చుంటే నాసిక్ పానా. మనం మాత్రం తక్కువా, పట్టుచీర బీరువాలో దాచి నేతచీర ఒంటికి చుట్టుకోమూ?

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వడం మొదలెట్టింది ఇంగ్లీషు కంపెనీ. 1945లో గాని సింగరేణి నిజాం సర్కారు చేతికి రాలేదు. మావారికి పని నేర్పిన పెద్దలంతా సీమ మిషన్ల మీద చేతులు కాల్చుకుని నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళు దేనికి దణ్ణం పెడితే ఈయనా దానికే దణ్ణం పెట్టారు. పైగా 1991 దాకా బయటిదేశపు సరుకు తెప్పించాలంటే లైసెన్సులూ, కోటాలూ. దొరకని వస్తువు మీద భక్తి ఎక్కువ కదా.

మనవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోనూ లేదు. హెచ్.ఎం.టి. అంటే మన ఆడవాళ్ళకి తెలిసింది పెళ్ళికొడుక్కి పెట్టే గడియారం. అసలు ఆ పేరే హిందుస్థాన్ మెషీన్ టూల్స్. 1953లో బెంగుళూరులో, స్విట్జర్లాండు కంపెనీ సాయంతో లేతులు చేయడానికి పెట్టిన ఫ్యాక్టరీ అది. గడియారాలు తరవాత వచ్చాయి, 2016లో మూతపడ్డాయి కూడా. అంతకంటే ముందే, 1943లో, మన సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ పుట్టింది. తరవాత తరవాత అది హెచ్.ఎం.టి.లోనే కలిసిపోయింది. అంతెందుకు, కుట్టుమిషను చూడండి. మా అమ్మది స్కాట్లండు నుంచి వచ్చిన సింగరు. నాకు పెళ్ళిలో పెట్టింది కలకత్తా ఉషా. సింగరు సూది చప్పుడు మెత్తగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కాని నా ముగ్గురు పిల్లల గౌన్లూ, నిక్కర్లూ, వీధిలో సగంమంది జాకెట్లూ కుట్టింది ఉషాయే.

ఈ సీమా దేశవాళీ గొడవ మా ఇంట్లో కాఫీ దగ్గరి కాలక్షేపంగానే ఉండేది, ఎదురింటి వదినగారు గొలుసు తాకట్టు పెట్టేదాకా.

ఆవిడ భర్త పోయి రెండేళ్ళయింది. ఒక్కడే కొడుకు. ఐటీఐ చదివి, ఊళ్ళోనే ఒకరి లేత్ షాపులో జీతానికి చేస్తున్నాడు. వైరా చుట్టూ వరి, మిరప, పత్తి. మోటార్లు అరగడం, ట్రాక్టరు బుష్షులు పోవడం నిత్యం ఉండేదే. సొంతంగా మిషను పెట్టుకుంటే బతకొచ్చని వాడి ఆశ. వదిన ఒంటిమీద మిగిలిన ఒకే ఒక్క గొలుసు బ్యాంకులో పెట్టి లక్షన్నర తెచ్చింది. వాడు సెల్‌ఫోనులో చూసి ముచ్చటపడ్డది చైనా చిన్న లేతు. ఎనభై అయిదు వేలు. ఇంటి కరెంటుతోనే నడుస్తుంది, అంకెలు ఎర్రగా వెలుగుతాయి, చూడ్డానికి పెళ్ళికూతురిలా ఉంది.

"అన్నయ్యగారూ, మీకంటే తెలిసినవాళ్ళు లేరు. కొనమంటారా?" అంది వదిన.

ఫారిన్ అంటే లేచి నిలబడే మనిషి కదా, ఇట్టే సరేనంటారనుకున్నాను. ఆయన ఫోను చేతిలోకి తీసుకుని పావుగంట చూశారు. "ఇందులో ఎంత పొడుగు కడ్డీ పడుతుందిరా?" అన్నారు.

"పద్నాలుగంగుళాలు, మామయ్యా."

"నీ దగ్గరికొచ్చే మోటారు షాఫ్టు పొడుగెంత?"

వాడు మాట్లాడలేదు. లోపలి గేర్లు కూడా ప్లాస్టిక్‌వని చదివి చెప్పారు. ఇంట్లో సరదాకి బొమ్మల రథానికి చక్రాలు చేసుకునేవాడికి అది బ్రహ్మాండమైన మిషనేనట, తిండి పెట్టాల్సినవాడికి కాదట. నిజానికి ఫారిన్ అన్న మాటే ఈ పాతికేళ్ళలో తిరగబడింది. ఒకప్పుడు ఖరీదుకీ, గట్టితనానికీ పేరు. ఇప్పుడు చవకకి.

అలా ఒక ఆదివారం నలుగురం పాతిక కిలోమీటర్లు బస్సెక్కి ఖమ్మం వెళ్ళాం. నేనెందుకంటే, ఇనుము కనిపిస్తే ఆయనకి మాత్రలూ భోజనమూ గుర్తుండవు. చెక్కపెట్టె సంచిలో పెట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

మొదట చూసింది కొత్త దేశవాళీ లేతు. పచ్చరంగు నిగనిగలాడుతోంది. ఈయన పిడి పట్టుకుని ముందుకీ వెనక్కీ తిప్పారు. పావు చుట్టు ఊరికే తిరిగింది గాని లోపల ఏమీ కదల్లేదు. తరవాత ఆరంగుళాల కడ్డీ బిగించి, సన్నగా పొర చెక్కించి, ఆ కొసా ఈ కొసా మైక్రోమీటరుతో కొలిచారు. ఆరు థౌలు తేడా. థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు. మన తలవెంట్రుకే రెండు మూడు థౌల మందం ఉంటుందట. అంత తేడాతో చెక్కిన షాఫ్టు బేరింగులో ఒకవైపు వదులుగా, ఒకవైపు బిగుతుగా కూర్చుంటుంది, నెలకే మోటారు మళ్ళీ షాపుకొస్తుంది. "పోత పోసిన ఇనుమూ ఊరాలోయ్, ఆవకాయలాగా. తొందరపడి చెక్కితే తరవాత వంకర తిరుగుతుంది" అన్నారు నాతో. దేశవాళీ కదా అని నేను జాలిపడబోయాను. ఆయన పడలేదు.

రెండోది మూతపడిన ఒక వర్క్‌షాపులో పాత మిషను. ఇదీ దేశవాళీయే, పంజాబు బటాలాలో చేసింది. రంగు పోయింది, పేరు పలక మీద అక్షరాలు సగం చెరిగాయి. కాని బరువు చూడండి, పాతకాలపు రుబ్బురోలులా ఉంది, పనిచేస్తుంటే వణుకు లేదు. డయల్ గేజి ముల్లు ఆనించి చక్కు చేత్తో తిప్పితే ముల్లు అర గీత కూడా కదల్లేదు. మళ్ళీ కడ్డీ, మళ్ళీ కొలత. ఒక్క థౌ. చక్కు దగ్గర పట్టాలు కొంచెం అరిగాయి, ఎక్కువ పని జరిగేది అక్కడే కనుక. అక్కడ బిగిస్తే ఆ చివర పట్టేస్తోంది. ఈ లోపం పట్టుకుని బేరం మొదలెట్టారు.

"పెద్దాయనా, ఇవేమన్నా పెళ్ళిచూపులా?" అన్నాడు అమ్మేవాడు విసుగ్గా.

"కాదు బాబూ, ఒక తల్లి గొలుసు" అన్నారు మావారు.

లక్షా నలభై అన్నది లక్షా ఇరవైకి వచ్చింది. వదిన డబ్బు లెక్కపెడుతుంటే చేతులు వణికాయి. నేను అటు తిరిగి మిషను వంక చూస్తూ నిలబడ్డాను.

ట్రాక్టరు ట్రాలీలో తెచ్చి, ఇనప గొట్టాల మీద దొర్లించి, కాంక్రీటు దిమ్మ మీద ఎక్కించడానికి ఒక పూట పట్టింది. త్రీఫేజు కనెక్షనుకి మిగిలిన డబ్బులో సగం పోయింది. ఆ తరవాత రెండు రోజులు మామా అల్లుళ్ళు మట్టం పెట్టుకుని కూర్చున్నారు. నాలుగు మూలలూ సరిగ్గా సమం కాకపోతే ఇంత బరువు మిషను కూడా మెలిక తిరుగుతుందట. సన్నటి రేకు ముక్కలు కాళ్ళకింద దోపుతూ, తీస్తూ, ఇద్దరూ అన్నాలకి కూడా రాలేదు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. మిరప తోటలకి నీళ్ళు పెట్టే రోజులు వచ్చాక వాడి షాపు ముందు రోజూ రెండు మూడు మోటార్లు ఉంటున్నాయి. మొన్న వదిన బ్యాంకుకి వెళ్ళి వడ్డీతోపాటు అసలులో పద్దెనిమిది వేలు కట్టి, రసీదు తెచ్చి నాకు చూపించింది. మెడ ఇంకా పసుపుతాడైనా లేకుండా బోసిగానే ఉంది. గొలుసు రావడానికి ఇంకో రెండు పంటలు పట్టొచ్చు.

వాడు బెంగుళూరులో చేసిన మైక్రోమీటరు ఒకటి కొనుక్కున్నాడు. బాగానే ఉందని మావారే ఒప్పుకున్నారు. అయినా రోజూ పదింటికి చెక్కపెట్టె చంకలో పెట్టుకుని రోడ్డు దాటి వెళ్తారు. పెట్టె వాడి చేతికివ్వరు. తనే తాళం తీసి, తనే కొలిచి, తుడిచి, తనే మోసుకొస్తారు.