ఏ జ్వరమంటారు?

జ్వరానికి పేరు పెట్టడంలో మన ఆడవాళ్ళని మించినవాళ్ళు లేరు. పిల్లాడి నుదుటి మీద చెయ్యి వేయడం, "ఇది మలేరియానే" అని తేల్చెయ్యడం, రెండూ ఒక్క క్షణంలో అయిపోతాయి. శ్రావణమాసం వస్తే మా వీధిలో పేరంటాలతోపాటు జ్వరాలూ మొదలవుతాయి. మా పిన్నిగారు తాంబూలం పుచ్చుకుంటూనే ఎవరింట్లో ఏ జ్వరమో చెప్పేస్తారు. చలీ వణుకూ ఉంటే మలేరియా, నాలుగు రోజులు దాటితే టైఫాయిడ్, వాంతులైతే పైత్యం. ఆవిడ శాస్త్రం అంతే!

బొత్తిగా కొట్టిపారెయ్యడానికీ లేదు. మలేరియాలో చలి పుట్టి, ఒళ్ళు కాలి, చెమటపట్టి దిగడం, ఒక్కోసారి రోజు విడిచి రోజు రావడం నిజమే. టైఫాయిడ్ మెట్లెక్కినట్టు రోజురోజుకీ పెరుగుతుంది. డెంగ్యూ ఒక్కసారిగా మీద పడుతుంది, కళ్ళ వెనకాల నొప్పి, ఎముకలు విరిచేసినట్టు బాధ. ఫ్లూ అయితే దగ్గూ గొంతునొప్పీ తోడు తెచ్చుకుంటుంది. కానీ ఈ జ్వరాలేవీ పిన్నిగారి శాస్త్రం చదువుకుని రావు కదా! మొదటి రెండు మూడు రోజులూ అన్నిటికీ ఒకటే మొహం.

మలేరియా గుట్టు బయటపడింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. అంతటివాడూ సూక్ష్మదర్శినిలో చూశాకే నమ్మాడు. మనకి అరచెయ్యి చాలు.

పోనీ రక్తపరీక్ష చేయిస్తే సరిపోతుందా అంటే, దానికీ రోజులు చూసుకోవాలి. డెంగ్యూకి చేసే ఎన్.ఎస్.1 పరీక్ష మొదటి అయిదు రోజుల్లోనే బాగా పనికొస్తుంది. టైఫాయిడ్‌కి చేసే విడాల్ పరీక్షని మొదటి వారంలో నమ్మడం కష్టం.

నాకు మాత్రం జ్వరం వచ్చిన రోజుకన్నా దిగిన రోజంటేనే భయం. మా ఆడపడుచు కూతురికి అయిదో రోజున ఒళ్ళు చల్లబడింది. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నారు. వాళ్ళత్తగారు సంబరంగా చారన్నం కలిపి పెట్టారు. సాయంత్రానికి పిల్ల కడుపునొప్పి అంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. "పథ్యం పడలేదులే, జీలకర్ర నీళ్ళు పట్టు" అన్నారావిడ. పిల్ల పొద్దుటినుంచీ ఒంటికి వెళ్ళలేదనీ, పిలిస్తే మగతగా పలుకుతోందనీ మా ఆడపడుచే కనిపెట్టింది. ఆటో ఎక్కించి తీసుకెళ్ళిపోయింది. మూడు రోజులు సెలైను పెట్టారు.

డెంగ్యూ తంతే అది. మూడోరోజుకీ ఏడోరోజుకీ మధ్య జ్వరం దిగుతుంది. కొందరికి సరిగ్గా అప్పుడే రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది. మనమేమో ప్లేట్‌లెట్లు ఎన్నని అడుగుతూ, బొప్పాయి ఆకులకోసం పరుగులు పెడుతుంటాం. పైగా ఒళ్ళునొప్పులని ఆస్పిరినో, ఐబూప్రొఫెనో ఇచ్చేవాళ్ళూ ఉన్నారు, రక్తం కారే ప్రమాదం వాటితో ఇంకా పెరుగుతుంది. ఏ జ్వరమో తేలేదాకా పారాసెటమాల్ తప్ప మరోటి వద్దని ఆ డాక్టరుగారు గట్టిగా చెప్పారట.

మా ఆడపడుచు ఇప్పుడు ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా క్యాలెండరు మీద రాసిపెడుతోంది. ఏ తేదీన మొదలైంది, ఏ పూట ఎంత ఉంది, ఏ బిళ్ళ వేసింది, అన్నీ. పాలవాడి లెక్క పక్కనే.