నల్లవి నీవి

పోయిన వారం మగ్గాల గురించి రాసినాను. ఇది ఆ షెడ్డు ముందర ఆడిన చెస్ గురించి.

మాది నగరి. మా నాయన మరమగ్గాల షెడ్డులో పనోడు. నైట్ షిఫ్టు ఉంటే నేను కూడు తీసకపోయి, ఆయన తినేదాకా ఓనరు ఇంటి ముందర నిలబడేవాణ్ణి. ఒకరోజు ఓనరు కొడుక్కి ఆడేదానికి మనిషి దొరకలేదు. నన్ను పిలిచినాడు. వాడు అరుగు మీద, నేను కింద మెట్టు మీద. "రే, నల్లవి నీవి" అన్నాడు. మూడేండ్లు ఆడినాం. ఒక్క రోజన్నా తెల్లవి నా పక్కకు రాలేదు. అంటే మొదటి ఎత్తు ఎప్పుడూ వాడిదే.

నాకు ఆట నేర్పింది మా పెదనాయన. ఆయనది పాత నాటు పద్ధతి, బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడవాల. నేను అట్లే ఆడేవాణ్ణి. జి6, బి6, డి6, ఇ6. బిషప్‌లు జి7లో, బి7లో. గుర్రాలు డి7లో, ఇ7లో. మూడు వరసలు దాటి ఒక్క పావూ పోదు. వాడు మధ్యలోకి బంట్లు తోసి నవ్వేవాడు, "ఏం రా, ఇల్లు దాటి రావా?" అని.

తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీ పుస్తకంలో చూసినా, దీనికి పేరుంది! హిప్పోపొటమస్. నీళ్ళలో మునిగి కండ్లు మాత్రం పైకి పెట్టుకునే నీటిగుర్రం. 1966లో మాస్కోలో, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, స్పాస్కీ నల్లపావులతో పెట్రోసియన్ మీద రెండుసార్లు ఇదే ఆడి రెండూ డ్రా చేసుకున్నాడు. ఇంకా వెనక్కి పోతే, 1850ల్లో కలకత్తాలో మహేశచంద్ర బెనర్జీ జాన్ కాక్రేన్ అనే బారిస్టరు మీద ఇట్లే బిషప్‌లను పక్కల నుంచి తిప్పి ఆడినాడు. ఇండియన్ డిఫెన్స్ అన్న పేరు ఆ ఆటల నుంచి వచ్చిందే. ఆయన బ్రాహ్మణుడు, మా పెదనాయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు, అది వేరే సంగతి.

దీని కీలకం ఏందంటే, సి5 తోస్తామా, డి5 తోస్తామా, ఎఫ్5 తోస్తామా అనేది చివరిదాకా బయటపెట్టకూడదు. అవతలోడి బంట్లు దూరం వచ్చేకొద్దీ వాటిని కాయడానికే వాడి పావులు చాలవు. ఒక్క ఎత్తు ఎక్కువ కాచుకున్నామా, మనకే ఊపిరాడదు. రెండేండ్లు నేను ఓడింది దాంతోనే. భయపడి కాచుకున్నాను, దానికి ఓపిక అని పేరు పెట్టుకున్నాను.

ఆ రోజు వాడు ఇ4 బంటును ముందుకు తోసినాడు. నా బి7 బిషప్‌కు దోవ తెరుచుకుంది. వెంటనే సి5 తోసినా. పదెత్తుల్లో అయిపోయింది. వాడు ఏమీ అనలేదు, పావులు డబ్బాలో ఏరుకున్నాడు. తలెత్తి చూస్తే షెడ్డు వాకిట్లో నాయన.

పొద్దున సైకిలు మీద ఇంటికి వచ్చినాక అడిగినాడు, "గెలిచినావా?"

"ఆఁ."

మొగం కడుక్కొని, తువ్వాలతో తుడుచుకొని, "రేపట్నించి కూడు మీ అమ్మ తెస్తాదిలే" అన్నాడు. తిట్టలేదు. నేనూ ఎందుకని అడగలేదు.

ఇప్పుడు సాయంత్రాలు మా కాలనీ పిల్లలతో ఆడతాంటాను. రెండు పిడికిళ్ళలో రెండు బంట్లు దాచి, ఏ రంగు వస్తే అది. నాకు తెల్లవి వచ్చినా నా చెయ్యి జి బంటు మీదికే పోతాది, ఒక్క గడి.