కరకట్ట మీద థాయ్ (కార్తీకం, 2025)

అక్టోబరు 26, ఆదివారం

ఉండవల్లి వైపు కరకట్ట. అరటితోట పక్కన ఆరుబయట బల్లలు, వెదురు పందిళ్లు. ఎదురుగా కృష్ణ. బ్యారేజీ దీపాలు. అవతల ఇంద్రకీలాద్రి. చూసినందుకు విడిగా డబ్బు తీసుకోవట్లేదు. గ్రీన్ కర్రీ, అన్నంతో కలిపి 240. బెంజి సర్కిల్‌లో ఈ డబ్బుకి ఏసీలో కూర్చోబెట్టి సూప్ ఇస్తారు.

మెనూలో థాయ్ ఒక్క పేజీ. దాని ముందు రాజుగారి కోడి పలావు, వెనక మంచూరియా.

సర్వర్ కుర్రాడు అడిగాడు: "థాయ్ కావాలా సార్, మన థాయ్ కావాలా?"

తేడా ఏంటన్నాను.

"మన థాయ్‌లో కరివేపాకు వేస్తారు. కారం ఉంటుంది. చేప వాసన రాదు."

చుట్టూ అన్ని బల్లల మీదా మన థాయే.

జాస్మిన్ రైస్ అని రాసుంది. పళ్లెంలో బీపీటీ 5204. బాపట్ల గింజ. ఎక్కడున్నా పోల్చుకోగలను.

వంటమనిషిది డార్జిలింగ్. థాయ్‌లాండ్ చూడలేదు. వంట బాగుంది.

అక్టోబరు 28, మంగళవారం

మొంథా తుపాను. పొద్దుటి నుంచి ఒకటే వాన. కరెంటు లేదు. రాత్రికి నరసాపురం దగ్గర తీరం దాటుతుందంటున్నారు. పేరు థాయ్‌లాండ్ ఇచ్చిందట.

మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, థాయ్ హోమ్ డెలివరీ." అదే మాట వాళ్లమ్మకీ చెప్పాడట, పిన్నికీ చెప్పాడట.

అక్టోబరు 31

తోటలో కొన్ని పందిళ్లు పడ్డాయి. ఓనరు గారు కుర్చీ వేసుకుని నదిని చూస్తున్నారు, అప్పు తీసుకుని తిరుగుతున్నవాణ్ణి చూసినట్టు.

గోడ మీద వరద గీత ఉంది. నిరుడు సెప్టెంబరుది. బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజుది. సున్నం వేయించలేదు. గీతకి పైన బుద్ధుడి తల తగిలించారు. ఫైబరుది. నెత్తి మీద జ్వాల, థాయ్ పద్ధతి. సయాంలో దొరికిన పాత బుద్ధుళ్లలో కొందరిది అమరావతి శైలే అంటారు. అమరావతి ఇదే ఒడ్డున, కాస్త ఎగువన.

తల ఎక్కడ కొన్నారని అడిగాను.

"ఆన్‌లైన్‌లో అండి. రెండు కొంటే ఒకటి ఫ్రీ."

మిగతా రెండూ బాత్‌రూముల దారిలో ఉన్నాయి.

నవంబరు 2, ఆదివారం

పెద్దమ్మని తీసుకెళ్లాం. దుర్గమ్మ కొండ కనపడేలా కూర్చుంది. మెనూ మొత్తం చదివించుకుంది. హోలీ బేసిల్ చికెన్ దగ్గర మేనల్లుడు తొందరపడి, తులసి అన్నాడు.

"తులసమ్మని కోడితో కలిపి వేపుతారా! కార్తీకంలో!"

సర్వర్ సర్దిచెప్పాడు. "మన తులసి కాదమ్మా. థాయ్ తులసి."

చెయ్యి కడుక్కునే వంకతో వంటగది వెనక్కి వెళ్లాను. థర్మోకోల్ చేపల పెట్టెల్లో మట్టి పోసి పెంచుతున్నారు. మా పెరట్లో కోటలో ఉన్నదే.

ఫిష్ సాస్ సీసాలు అటకెక్కాయి. ఈ నెలంతా సోయాసాసే.

పెద్దమ్మ పెరుగన్నం తింది. 90 రూపాయలు. "ఇదీ థాయేనా?" అంది.

నవంబరు 4

నిన్న కార్తీక సోమవారం. వంటగది వెనక ఆ పెట్టెల ముందు ఎవరో ప్రమిద పెట్టారు. గిన్నెలు కడిగే ఆవిడ అయి ఉండాలి. ఇవాళ సాయంత్రం వెళ్లేసరికి ఆకులు కోసేశారు. ప్రమిద జోలికి పోలేదు.

నవంబరు 5, పున్నమి

ఘాట్‌ల నిండా జనం. అరటి దొప్పలో వత్తి, నూనె, ఒక పువ్వు. నీళ్లలోకి.

బ్యాంకాక్‌లోనూ ఇదే పున్నమి. లోయ్ క్రతోంగ్. అక్కడ అరటి బోదెని చక్రాల్లా కోసి, మీద కొవ్వొత్తీ అగరొత్తులూ గుచ్చుతారు. కొందరు ఒక వెంట్రుకో గోరుముక్కో కూడా పెడతారు, దోషం కొట్టుకుపోవాలని. మనవాళ్లకి ఈ ఉపాయం తట్టలేదు.

ఓనరు గారు 'దీపాల థాయ్ నైట్' అని ఫ్లెక్సీ కట్టించారు. తలకి 399. దొప్ప ఉచితం. వచ్చినవాళ్లలో సగం మంది ఇంటి దగ్గర్నుంచే దొప్పలు తెచ్చుకున్నారు. తగ్గించమని బేరమాడారు.

నవంబరు 7

పాడ్ థాయ్ గురించి చదివాను. ఫిబున్ సంగ్రామ్ అని ప్రధాని. 1939లో సయాం పేరు థాయ్‌లాండ్‌గా మార్చిందాయనే. జనం నూడుల్స్ తినాలని ప్రచారం కూడా చేయించాడు.

ఇక్కడ ఏ ప్రభుత్వమూ చెప్పకుండానే నెల్లాళ్లు కోడి మానేస్తారు. కొందరు. సోమవారాలు.

బల్లల మీద పెడన అద్దకం గుడ్డలు. పచ్చడి మరక మీద నెమలి. పదిహేడో శతాబ్దంలో బందరు నుంచి బట్టల ఓడలు టెనాస్సెరిం వెళ్లేవి. అక్కణ్ణించి కొండదారిలో అయుత్థయ. సయాం రాచకొలువు వాళ్లకి ఫలానా బొమ్మలే కావాలట. నమూనాలు పంపి ఈ తీరంలోనే వేయించుకునేవారు.

ఓనరు గారు డజను లెక్కన కొన్నారు. ఉతికితే రంగు పోతోందని గొణుగుతున్నారు.

నవంబరు 9, ఆదివారం

తోట మొత్తం వనభోజనాలకి ఇచ్చేశారు. ఒక కులం వాళ్లవి. నాది కాదు. గేటు దగ్గర కుర్రాడు నా ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. పాపం, మొహమాటపడ్డాడు.

ఉసిరిచెట్టు లేదు. ఉసిరి కొమ్మ ఒకటి తెచ్చి ప్లాస్టిక్ ఈతచెట్టుకి కట్టారు. దాని కింద పూజ.

వంటవాళ్లని వాళ్లే తెచ్చుకున్నారు. పులిహోర, పనసపొట్టు కూర, బూరెలు. డార్జిలింగ్ అతనికి పని లేదు. విస్తరి వేసుకుని కూర్చున్నాడు. పనసపొట్టు మూడుసార్లు వడ్డించుకున్నాడు.

అతన్ని ఇంటిపేరు అడగలేదు.

నవంబరు 12, బుధవారం

కైకలూరు నుంచి చెరువుల స్నేహితుడు వచ్చాడు. సోమవారాలే పాటిస్తాడు. పాడ్ థాయ్, రొయ్యలతో.

ముందు ఒక రొయ్యని ఎత్తి లైటు వైపు పట్టి చూశాడు. "అరవై కౌంట్."

అతను వేసే మేత థాయ్ కంపెనీది. పిల్ల వనామీ, పసిఫిక్ అవతలి ఒడ్డు జాతి. చెరువు లీజుది. ఏరియేటర్ల కరెంటు బిల్లు మాత్రం పూర్తిగా సొంతం. ఆగస్టు 27 నుంచి అమెరికా సుంకం 50 శాతం.

"ఆళ్లు తినకపోతే మనమే తినాల," అన్నాడు. తిన్నాడు. తోకలు పళ్లెం అంచున వరసగా పేర్చాడు. ఏడు.

"ఏడు రొయ్యలకి 280. గట్టు మీద మాకెంతిస్తారో చెప్పనా?"

ఐస్‌క్రీం తెప్పించాను.

నవంబరు 15, శనివారం

ప్రీ వెడ్డింగ్ షూట్. పిల్ల గౌను పట్టుకోడానికి ఇద్దరు. రంగు పొగకి ఒకడు. "బ్యారేజీ కనపడకుండా తియ్యన్నా, బ్యాంకాక్‌లా ఉంటది," అన్నాడు పెళ్లికొడుకు. ఈ ఊళ్లో పుట్టి బ్యారేజీని తప్పించాలంటే చాలా కిందికి వంగాలి. కెమెరా అతను పడుకున్నాడు.

బ్యాంకాక్ అన్నప్పుడల్లా పక్క బల్ల మగాళ్లు ఒక రకంగా నవ్వుకున్నారు. 2023 నవంబరు నుంచి వీసా కూడా అక్కర్లేదు. వెళ్లొచ్చినవాళ్లెవరూ అక్కడ ఏం తిన్నారో చెప్పగా వినలేదు.

దోమలు. సర్వర్ స్టార్టర్ కన్నా ముందు కాయిల్ తెచ్చాడు. దోమలకి రాసుకునే నూనెలో నిమ్మగడ్డి వాసన. సూప్‌లోనూ అదే. కాసేపటికి ఏది ఎక్కడిదో తెలీలేదు.

నవంబరు 18

వన్‌టౌన్‌లో మూలికల కొట్టు దగ్గర ఓనరు గారు. గలాంగల్ బయటి నుంచి తెప్పిస్తే గిట్టట్లేదట. మన దుంపరాష్ట్రం అదేనని ఎవరో చెప్పారట.

కొట్టు ముసలాయన అడిగాడు: "దగ్గుకా, కీళ్లకా?"

"సూప్‌కి."

ముసలాయన అరకిలో తూచాడు. పొట్లం కట్టి ఇచ్చాడు. "తిన్నాక, గోరువెచ్చటి నీళ్లతో."

ఎండుమిర్చి గుంటూరు తేజ. గుంటూరు నుంచి తేజ థాయ్‌లాండ్‌కీ పోతుంది. ఓడెక్కి. ఈ తోటకి మాత్రం ఆటోలో వస్తుంది.

నవంబరు 21, పోలి పాడ్యమి

కార్తీకం అయిపోయింది. తెల్లవారుజామున పెద్దమ్మ దొప్పలు వదిలింది. పోలిని స్వర్గానికి పంపించి, ఇంటికొచ్చి, మధ్యాహ్నానికి కోడి తెమ్మంది. తులసి లేకుండా.

నవంబరు 23, ఆదివారం

మేనల్లుడితో వెళ్లాను. గేటు బయట కార్లు కరకట్ట పొడవునా. ఫిష్ సాస్ సీసాలు కిందికి దిగాయి. బల్ల దొరికేసరికి తొమ్మిది.

"గ్రీన్ కర్రీ, ఒక టామ్ యం," అన్నాను.

"ఆదివారం థాయ్ చెయ్యం సార్. రష్."

మేనల్లుడు మెనూ లాక్కుని ముందు పేజీ తిప్పాడు.

"రాజుగారి కోడి పలావు అయిపోయింది," అన్నాడు సర్వర్. "మంచూరియా ఉంది."