ముందు గడ్డి, తర్వాతే దాణా

గుర్రానికి ఉలవలు పెడితే చాలన్నది మనవాళ్ల నమ్మకం. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు సుమారు 16 కిలోమీటర్ల ఎక్కుడు దారిలో యాత్రికులను మోసే గుర్రాలు, కంచరగాడిదల విషయంలో ఆ నమ్మకం చెల్లదు. గుర్రం కడుపు చిన్నది. అది వాంతి చేసుకోలేదు. రోజంతా కొద్దికొద్దిగా మేయాల్సిన జీవి. 300 కిలోల జంతువుకు రోజుకు కనీసం 4.5 కిలోల ఎండుగడ్డి, కడుపునిండా నీళ్లు కావాలి. అవి లేకుండా దాణా ఒక్కసారే కుక్కితే ప్రాణాంతకమైన కడుపుశూల రావచ్చు. 2022 యాత్రలో ఈ మూగజీవాలు పదుల సంఖ్యలో చనిపోయాయి.

మేతకు ఆగితే ఒక ట్రిప్పు పోతుందన్నది యజమాని బాధ. త్వరగా చేరాలన్నది మన తొందర. నాకు తోచేదొక్కటే: ఎక్కేముందు బేరమాడే మనం, అది ఎప్పుడు మేసిందో కూడా అడగాలి.